నాచారంలో విన్నదీ, రాయకుండా వదిలినదీ

యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాచారంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ గ్లాసు చేతికి అందకముందే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడం, ప్రమోషన్‌కు ఎన్ని పేపర్లు ఉండాలి?" ఆ లెక్క చెప్పడానికి ఆఫీసులో జీతం తీసుకునే మనుషులు ఉన్నారు. ఆ మాత్రానికి ఉప్పల్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మా ఇంటిదాకా రావడం ఎందుకు?

నేను సమాజశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. క్లాసులో పాఠం చెప్పడం, మనుషుల దగ్గరికి పోయి వాళ్ళ సంగతులు అడగడం, విన్నది రాయడం, పిల్లల చేత రాయించడం. చెప్పుకుంటే ఇంతే ఉద్యోగం. ఇందులో అడగడం ఎలాగో నేర్పే పుస్తకాలున్నాయి, రాయడం ఎలాగో నేర్పేవీ ఉన్నాయి. రాయకుండా ఊరుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు నేర్పింది స్వరూప అనే విద్యార్థిని పరిశోధన. ఆ సంగతి చెప్పేముందు ఇంకో రెండు చిన్న సంగతులు.

నువ్వే నా సమస్య

పెళ్ళయ్యాక తెనాలి నుంచి నాచారం వచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో "అర్థమైందా అండీ?" అని అడిగితే, వెనక బెంచీ నుంచి "సమజైంది అండీ!" అని నా గొంతుతోనే జవాబు వచ్చేది. మొదట్లో ఒళ్ళు మండేది. ఆ పిల్లలు నల్లగొండ, జనగామ, సిద్దిపేట వైపు నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్ళు. చేతికిచ్చే పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. నన్ను ఆటపట్టించే ఆ ఒక్క నిమిషమే వాళ్ళకు క్లాసులో భయం లేని నిమిషమని కొన్నాళ్ళకు తెలిసింది. అప్పటినుంచి వాళ్ళు ఆటపట్టిస్తే నేనూ నాలుగు అంటించేదాన్ని. పాఠం బాగా నడిచేది.

ఆ రోజుల్లోనే అంబర్‌పేటలో ఒక సర్వేకు పోయాను. ఒక పెద్దావిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నేను కాగితాలు తీసి, చాలా మర్యాదగా, "మీకున్న సమస్యలు ఏమిటండీ?" అని అడిగాను. ఆవిడ తలెత్తి చూసింది.

"ఇప్పుడైతే నువ్వే బిడ్డా. పొయ్యి మీద ఎసరు మరుగుతుంది. జర జరుగు, చేట మీద ఎలుగు పడ్తలేదు."

పక్కకు జరిగి కూర్చున్నాను. కాసేపయ్యాక నేనూ బియ్యం ఏరడం మొదలుపెట్టాను. ఆ చేట ఖాళీ అయ్యేసరికి నా కాగితాల్లోని ప్రశ్నలన్నిటికీ జవాబులు వచ్చాయి, నేను ఒక్కటి కూడా అడగలేదు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వి, మరునాడు ఫీల్డుకు పోయి మళ్ళీ "మీ సమస్యలు ఏమిటి" అనే అడిగేవాళ్ళు. ఎవరి చేట వాళ్ళు ఏరుకోవాల్సిందే.

అందరూ ప్రొఫెసర్లలాగే మాట్లాడారు

స్వరూప వాళ్ళది జనగామ దగ్గర పల్లె. ఫ్యాక్టరీ పని కోసం ఉప్పల్ వచ్చి స్థిరపడిన కుటుంబం. ఎమ్మేలో నా క్లాసులో కూర్చుంది, తర్వాత నా దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. నాచారం పారిశ్రామికవాడలో మందులు ప్యాక్ చేసే ఒక కంపెనీలో ఆడవాళ్ళ పని గురించి పరిశోధన. థీసిస్ తెలుగులోనే రాస్తానంది. మా యూనివర్సిటీలో దానికి అనుమతి ఉంది. ధైర్యం చేసేవాళ్ళే తక్కువ.

మొదటి అధ్యాయం తెచ్చి ఇచ్చింది. చదివితే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అందులో ప్యాకింగ్ లైనులో పనిచేసే యాదమ్మ అనే ఆవిడ "యంత్రం వల్ల మేము పరాయీకరణకు గురవుతున్నాము" అంటుంది.

"యాదమ్మ ఈ మాట అన్నదా?" అని అడిగాను.

"అనలే మేడం. కానీ ఆమె చెప్పినదానికి అర్థం గదే."

"అయితే అర్థం నువ్వు చెప్పుకో. మాట మాత్రం ఆమెను చెప్పనీ. ఇంతకీ ఆమె ఏమన్నది?"

స్వరూప కాసేపు సిగ్గుపడి చెప్పింది. "ఇంటికి పోయి బువ్వ కలుపుతుంటే గూడ చేతులు డబ్బాలు కట్టినట్టే ఆడుతయి అన్నది మేడం."

మా వృత్తిలో ఇది పాతజబ్బు. మనం చదివిన మాటల్ని వాళ్ళ నోట్లో కుక్కి, మళ్ళీ వాళ్ళ నోటి నుంచి విన్నట్టు రాస్తాం. అట్లా రాసిన థీసిస్‌లు నేను చాలా చదివాను. రైతూ, హమాలీ, నర్సూ అందరూ సెమినార్ హాలులో పుట్టి పెరిగినట్టు మాట్లాడతారు. స్వరూప ఆ అధ్యాయం మొత్తం చించేసి మళ్ళీ రాసింది. అలిగి రాసింది, కానీ బాగా రాసింది.

టోకెన్

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో లైనుకు ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాన్ని టోకెన్ అంటారు. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది. బాత్రూముకు పోయే మనిషి దాన్ని మెడలో వేసుకుని పోవాలి. ఆమె తిరిగొచ్చి తగిలించాకే ఇంకొకరు లేవాలి. లైనులో పని జరిగేటప్పుడు మాట్లాడుకోకూడదు. అందుకని ఆ ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగడమే మానేశారు.

స్వరూప వాళ్ళతో పాటు షేర్ ఆటోలో ఇరుక్కుని తిరిగింది. పెళ్ళిళ్ళకు పోయింది, బోనాలకు పోయింది, ఒకామెను ప్రసవానికి దవాఖానాకు తీసుకుపోయింది. అంత తిరిగాక వాళ్ళు ఒక సంగతి చెప్పారు. లైనులో వాళ్ళకొక గుర్తు ఉంది. ఎవరికైనా నెలసరి వచ్చినా, కడుపుతో ఉన్నా, ఒంట్లో బాగాలేకపోయినా నోరు తెరవకుండా ఆ గుర్తు చేస్తే చాలు, టోకెన్ ముందు ఆమెకే. మొదట లేవబోయిన మనిషి కూర్చుంటుంది. పొద్దున నల్లా దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళు కూడా లైనులో దీన్ని తప్పరు. సూపర్‌వైజర్ ఎదురుగానే అంతా జరుగుతుంది, ఆయనకు ఏమీ కనపడదు.

ఆ గుర్తు ఏమిటో, ఎందుకు అదే ఎంచుకున్నారో, కొత్త పిల్లలకు ఎప్పుడు చెబుతారో అన్నీ స్వరూప వివరంగా రాసింది. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. చెబితే గొప్పలు అనుకుంటారేమో కానీ, నా సర్వీసులో అంత మంచి పరిశీలన ఏ విద్యార్థీ నా బల్ల మీద పెట్టలేదు.

"వినిపించావా?" అని అడిగాను.

నా దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరి గురించి రాశారో వాళ్ళ ముందు కూర్చుని చదివి వినిపించాలి. ఆ పని చేయనిదే నేను సంతకం పెట్టను. నా వెనక పిల్లలు దీన్ని "మేడం హరికథ" అని చెప్పుకునేవాళ్ళని నాకు తెలుసు.

"వినిపిస్త మేడం. మస్తు సంతోషపడ్తరు," అంది స్వరూప.

యాదమ్మ గదిలో

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం పోయాం. యాదమ్మ అద్దెకుండేది మల్లాపూర్ పోయే దారిలో ఒక సందులో. లైనులో ఆమెతో పాటు పనిచేసే ఇద్దరిని కూడా పిలిచి పెట్టింది. అందులో లక్ష్మి అనే పిల్లకు అప్పుడే నెల తప్పింది, గోడకు ఆనుకుని నీరసంగా కూర్చుంది. స్వరూప చదువుతుంటే యాదమ్మ చింతపండు గింజలు తీస్తూ వింటోంది. సూపర్‌వైజర్ నడక గురించి రాసిన చోట ముగ్గురూ పగలబడి నవ్వారు. స్వరూప ముఖం వెలిగిపోయింది. గుర్తు దగ్గరికి వచ్చేసరికి యాదమ్మ చేతులు ఆగాయి.

"గది గూడ రాసినవా బిడ్డా?"

"రాసిన యాదమ్మక్కా. గదే అన్నిట్ల ముఖ్యం. మీరు ఎంత తెలివిగ జేసుకున్నరో అందరికి తెల్వాలె."

"అందరికంటే ఎవరికి?"

స్వరూప చేతిలోని పేజీ వెనక్కి తిప్పింది.

"మా సూపర్‌వైజర్ బిడ్డ మీ కాడనే చదువుతుంది," అంది యాదమ్మ. "ఆమె చదివితే ఆయనకు చెప్పదా? తెల్లారి నుంచి మా గుర్తు ఖతం. గప్పుడు గీ లక్ష్మి ఏం జెయ్యాలె?"

"మీ పేర్లు మార్చిన అక్కా. కంపెనీ పేరు గూడ రాయలే."

"పేరు మారిస్తే గుర్తు మారుతదా?"

నేను కలగజేసుకుని ఉన్నమాట చెప్పాను. ఇప్పుడు థీసిస్‌లన్నీ నెట్‌లో పెడుతున్నారు, తెలుగులో ఉంటే ఫోనున్న ఎవరైనా చదువుకోవచ్చు అని. ఒకప్పుడు మనం రాసింది లైబ్రరీ బీరువాలో చెదలు తప్ప ఎవరూ చదివేవాళ్ళు కాదు. ఆ భరోసాతోనే మా తరం చాలామంది చాలా రాసేశారు. యాదమ్మ కోప్పడలేదు. చింతపండు పళ్ళెం పక్కకు పెట్టి స్వరూప చెయ్యి పట్టుకుంది. "నిన్ను మా పిల్లనుకొని చెప్పినం బిడ్డా," అంది. లక్ష్మి స్వరూప చేతిలోని కాగితాలనే చూస్తోంది.

నాచారం చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డప్పుడు స్వరూప ఏడ్చింది. కోపంతో ఏడ్చింది.

"ఎండల, వానల, ఆటోలల్ల వాళ్ళతోటి తిరిగిన మేడం. గా ఒక్క ముచ్చట దొరికిందని గింత సంబరపడ్డ. గది తీసేస్తే నా దగ్గర ఏమున్నది? మీరే కదా మంచి పరిశీలన అన్నరు!"

"ఇప్పుడూ అదే అంటాను. కానీ సొమ్మొకడిది, సోకొకడిది కాకూడదు. నా సంతకం ఉన్న పుస్తకంలో ఆ గుర్తు ఉండదు స్వరూపా. ఇంకో గైడును చూసుకుంటానంటే చూసుకో, నేను అడ్డురాను, కోపం కూడా పెట్టుకోను."

బస్సు వచ్చింది. ఆ పిల్ల నాకు చెప్పకుండానే ఎక్కి వెళ్ళిపోయింది. ఇంటికి నడుస్తూ ఆమె సంగతే లెక్క వేసుకున్నాను. ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ఈ డాక్టరేట్ వస్తేనే ఆమెకు పర్మినెంట్ ఉద్యోగం మీద ఆశ. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు.

హెడ్ గారి కుర్చీ

చాలా రోజులు స్వరూప ఫోను ఎత్తలేదు. ఒకరోజు పొద్దున్నే గది తలుపు తోసుకుని వచ్చి కొత్త అధ్యాయం బల్ల మీద పెట్టింది. మొదటి వాక్యాలు ఇవి: "ఈ స్త్రీల మధ్య ఒక గుర్తు ఉంది. అది నాకు తెలుసు. ఇక్కడ రాయను." తర్వాత ఎందుకు రాయదో రాసింది.

లేచి నిలబడి ఆ పిల్లను కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాను కూడా. తర్వాత కూర్చోబెట్టి, "మిగతాది బలహీనంగా ఉంది, మళ్ళీ రాయి," అన్నాను.

మా డిపార్ట్‌మెంటు హెడ్ గారిది వరంగల్ వైపు. చెడ్డవాడు కాదు, బాగా చదువుకున్న మనిషి, పిల్లలకు తన ఇంటి నుంచి అన్నం పెట్టించినవాడు. థీసిస్ సమర్పించాలంటే ఆయన సంతకం కావాలి. ఆయన ఆ పేజీ చదివి కళ్ళజోడు తీసేశారు.

"మేడం, ఇది థీసిసా, సస్పెన్స్ సినిమానా?"

"థీసిసే సార్."

"మీరు గూడ గిట్లంటే ఎట్ల? రేపు ఇంకొకడు వస్తడు. నాకు అంత తెలుసు, కానీ ఒక్కటి గూడ చెప్పను, డాక్టరేట్ ఇయ్యమంటడు. వానికేం జవాబు చెప్తరు? ఉన్నది లేనిది ఎట్ల తెలుస్తది?"

మంచి ప్రశ్న. మీకు ఎదురుపడే పైవాళ్ళలో మూర్ఖులు తక్కువే. ఇట్లా సగం న్యాయం చేతిలో ఉన్నవాళ్ళతోనే అసలు పోరాటం. వాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు, వాళ్ళ సగానికి జవాబు చెప్పాలి.

"ఆ గుర్తు సంగతి పూర్తిగా పక్కన పెట్టి మిగతా అధ్యాయం చదవండి సార్," అన్నాను. "అది నిలబడకపోతే నేనే తిప్పి పంపిస్తాను."

స్వరూప మళ్ళీ నాచారం బాట పట్టింది. యాదమ్మ వాళ్ళు పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ బాటిళ్ళు సాయంత్రం నిండుగానే తిరిగి పోవడం గమనించింది. ఏ కాలంలో ఎవరికి తలనొప్పులు వస్తున్నాయో అడిగింది, టోకెన్ పెట్టకముందు ఎట్లా ఉండేదో పాత మనుషులను వెతికి పట్టుకుంది. గుర్తు చెప్పేసి ఉంటే ఇవేవీ వెతికేది కాదు. ఒక మంచి ముచ్చట దొరికితే మనం దాని నీడలో కూర్చుని పని మానేస్తాం.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. నేను దిగిపోయేలోపు థీసిస్ వెళ్ళకపోతే స్వరూపను ఇంకో గైడుకు అప్పగిస్తారు. ఆ గైడు హెడ్ గారే. ఆ గుర్తు మళ్ళీ పుస్తకంలోకి ఎక్కుతుంది, లేదా ఆ పిల్ల మొండికేస్తే డాక్టరేట్ మూలన పడుతుంది. సరే, నా మొండితనం నేనూ చూపించాను. రోజూ మొదటి క్లాసుకు ముందు పోయి ఆయన గదిలో ఎదురు కుర్చీలో కూర్చునేదాన్ని. ఒక్కోరోజు ఒక్కో పేజీ మీద వాదించుకునేవాళ్ళం. ఆయన టీ తెప్పించేవారు, తాగేదాన్ని, సంతకం అడిగేదాన్ని. ఆయన పెట్టిన అభ్యంతరాల్లో కొన్ని నిజమైనవి. వాటిని స్వరూప చేత సరిచేయించాను.

చివరికి ఒకరోజు ఆయన పెన్ను తీశారు.

"అధ్యాయం నిలబడ్డది మేడం. ఒప్పుకుంటున్న. మీరు రిటైరైతేగాని ఈ కుర్చీ ఖాళీ అవదనుకున్న."

సంతకం పెట్టారు. కానీ కాగితం నా చేతికిస్తూ, "వైవాలో ఎగ్జామినర్ అడుగుతడు సూడండి. గప్పుడు నేను అడ్డం రాను," అన్నారు.

వైవా

వైవా నాటికి నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. గైడుగా నన్ను పిలిచారు. థీసిస్ రాసిన మనిషి అందరి ముందూ నిలబడి బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఎవరైనా వచ్చి వినవచ్చు. మా దగ్గర ఇంకో ఆనవాయితీ, వైవా అయ్యాక స్కాలరే అందరికీ సమోసాలు, మిఠాయి పెట్టాలి.

స్వరూప పట్టుచీర కట్టుకుంది. వెనక వరుసలో యాదమ్మ, లైనులోని మరి నలుగురు వచ్చి కూర్చున్నారు. సెకండ్ షిఫ్టుకు పోవాల్సినవాళ్ళు. లక్ష్మి పుట్టింటికి పోయిందట, ఆడపిల్ల పుట్టిందని చెప్పారు. వాళ్ళు ఎవరో స్వరూప ఎవరికీ చెప్పలేదు, హాల్లోవాళ్ళు ఆమె బంధువులనుకున్నారు.

పరీక్షకుడు కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దాయన. థీసిస్ అక్షరం అక్షరం చదివి వచ్చారు. గట్టి ప్రశ్నలు వేశారు. స్వరూప ప్రతిదానికీ జవాబు చెప్పింది, తడబడ్డ చోట తడబడ్డానని ఒప్పుకుని మళ్ళీ చెప్పింది. చివరికి ఆయన పుస్తకం మూసి, ముందుకు వంగారు.

"బాగుందమ్మా. ఇంతకీ ఆ గుర్తు ఏమిటి?"

హాల్లో అందరూ ఆమె వైపు తిరిగారు.

"చెప్పను సార్."

"రాయనన్నావు, సరే. ఇక్కడున్నది మనమే కదా. నోటితో చెప్పు."

"చెప్పను సార్."

"నీకు డిగ్రీ ఇవ్వాలో వద్దో రాయాల్సింది నేనమ్మా," అన్నారాయన. గొంతులో నవ్వు లేదు. హెడ్ గారు తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నారు. వెనక్కి తిరిగి యాదమ్మను చూడాలనిపించింది. చూస్తే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుందని మెడ బిగబట్టి కూర్చున్నాను.

"తెలుసు సార్," అంది స్వరూప. "నేను చదివింది, సూసింది ఏదడిగినా చెప్త. గది మాత్రం వాళ్ళది. నన్ను నమ్మి చెప్పిన్రు."

ఆయన పెన్ను మూత తీసి, తన నివేదిక మీద ఏదో రాసి, హెడ్ గారి వైపు జరిపారు. హెడ్ గారు చదివి, లేచి, స్వరూపను డాక్టర్ అని పిలిచారు. నేను ఏడ్చాను. రిటైరైనదాన్ని, నాకు సిగ్గేమిటి?

సమోసాల దగ్గర యాదమ్మ నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది. "గదేంది మేడం, గా సారు అడిగింది చెప్పకున్నా గూడ పాస్ జేసిన్రు?"

"మిగతావన్నీ చెప్పింది కదా."

"మా పిల్ల మంచిగ సదివింది," అని యాదమ్మ ఇంకో సమోసా తీసుకుంది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు ఆ గుర్తు ఏమిటో నేనైనా చెబుతానని ఎదురుచూస్తుంటే, ఈ ఉద్యోగానికి ఇంకొంచెం తయారు కావాలి. ఆ కంపెనీలో టోకెన్ ఇప్పటికీ ఆ మేకుకే వేలాడుతోంది.

షిఫ్టుకు బయల్దేరేముందు వాళ్ళు బాత్రూముకు పోవాలన్నారు. మా డిపార్ట్‌మెంటు అంతస్తులో ఆడవాళ్ళకు ఉన్నది ఒక్కటే. చాలామంది వచ్చిన రోజు కదా, వరండాలో వరుస కట్టాల్సి వచ్చింది. అందరికన్నా ముందు స్వరూప నిలబడి ఉంది, చివర యాదమ్మ పక్కన, ప్యాకింగ్ లైనులో కొత్తగా చేరిన ఒక పిల్ల. ఆ పిల్ల నోరు తెరవలేదు. స్వరూప వెనక్కి చూసి, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కకు జరిగింది. ఆమె వెనకున్న నాచారం ఆడవాళ్ళూ జరిగారు. ఆ పిల్ల ముందుకు పోయింది. హెడ్ గారు అప్పుడే అటు వచ్చారు. అంతా ఆయన కళ్ళ ముందే జరిగింది. "అందరు తిన్నరా అమ్మా?" అని అడిగి, తన గదిలోకి వెళ్ళిపోయారు.